మన కాగితాల కథ: ఓడ పట్టీ నుండి పాస్‌పోర్టు దాకా

మన పెద్దలు ఈ దేశానికి తెచ్చుకొన్న మూట చిన్నదే. వారి కన్న ముందు ఓడ ఎక్కింది కాగితం. మద్రాసు డిపోలో గుమాస్తా కలం పట్టుకొని పేరు అడిగినది మొదలు, నేటాల్ చెరకు తోటలో అయిదేళ్ళు పూర్తయి విడుదల చీటీ చేతికి వచ్చేదాకా, ఆ తరువాత కూడ, వారి బ్రతుకు ఏదో ఒక కాగితానికి కట్టుబడే నడిచింది. తోట దాటవలెనంటే కాగితం. కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని ఊరిలో అమ్ముకోవలెనంటే కాగితం. పెళ్ళి పెళ్ళి అనిపించుకోవలెనంటే కాగితం. దేశం విడిచి వెళ్ళిపోవడానికి సైతం కాగితమే. మన చరిత్ర వ్రాసేవారు తోటల కష్టాలను, గుడుల నిర్మాణాన్ని, బడుల స్థాపనను గూర్చి చాలా వ్రాశారు. ఈ కాగితాల సంగతి మాత్రం అక్కడక్కడ చెదురుగా మిగిలిపోయింది. దానిని ఒకచోట చేర్చి చెప్పడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

గిర్మిటు

నేటాల్ ప్రభుత్వం 1859లో చేసిన 14వ నెంబరు చట్టం వల్ల భారతదేశం నుండి కూలీలను తెప్పించుకోవడానికి దారి ఏర్పడింది. మరుసటి సంవత్సరం అక్టోబరులో మద్రాసు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. పది రోజులకు కలకత్తా నుండి ‘బెల్వెడేర్’ వచ్చింది. నడుమ 1866 నుండి 1874 దాకా ఆగిపోయినా, 1911 జూలైలో చివరి ఓడ ‘ఉమ్లాజీ’ వచ్చేనాటికి మొత్తం 1,52,184 మంది దిగారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవున ఓడ ఎక్కినవారే. గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అందులో కలిసియున్నారు.

‘అగ్రిమెంటు’ అన్న మాట మన వారి నోట ‘గిర్మిటు’ అయింది. ఆ ఒప్పందంలో మొదట మూడేళ్ళ గడువు ఉండేది, తరువాత అది అయిదేళ్ళయింది. జీతం మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఏటా ఒక్కొక్క షిల్లింగు పెరిగి అయిదవ ఏట 14 అవుతుంది. ఆడవారికి అందులో సగం. తిండి గింజలు, గుడిసె, మందు దొర ఇవ్వవలెను. పదేళ్ళు ఈ దేశంలో గడిపినవారికి తిరుగు ప్రయాణపు ఓడ ఖర్చు సర్కారు పెట్టుకొంటుంది. కాగితం మీద చూస్తే ఇది రెండు పక్షాల మధ్య న్యాయమైన కరారుగానే కనబడుతుంది. కాని దాని లోపలి మర్మము వేరు. మామూలు కరారులో మాట తప్పితే దావా పడుతుంది, నష్టపరిహారం కట్టవలసి వస్తుంది. గిర్మిటులో కూలి మాట తప్పితే అది నేరం. పనికి రాకపోయినా, సెలవు చీటీ లేకుండా తోట దాటినా జుల్మానా, లేదా జైలు. 1891లో చేసిన 25వ నెంబరు చట్టం ఈ నిబంధనలన్నిటిని ఒకచోటికి చేర్చింది. దొర మీద ఫిర్యాదు చేసుకోవడానికి పోయినవాని మాట నిలవకపోతే, వెళ్ళినందుకు వానికే శిక్ష పడేది.

ఇటువంటి బాధలు చెప్పుకొన్నది మొట్టమొదట తిరిగి వెళ్ళినవారే. 1871లో మద్రాసు చేరిన కూలీలు అక్కడి అధికారుల ముందు తమ గోడు వెళ్ళబోసుకొన్నారు. దాని ఫలితంగానే 1872లో నేటాల్‌లో విచారణ సంఘం కూర్చున్నది, వలస కూలీల ‘ప్రొటెక్టరు’ అనే అధికారి పదవి ఏర్పడింది. ఆ ప్రొటెక్టరు చేతిలో ఏ మాత్రం అధికారం ఉండేదో 1894 నాటి బాలసుందరం కథ చెపుతుంది. దొర కొట్టిన దెబ్బలకు పళ్ళు విరిగి, నెత్తురోడుతూ అతడు గాంధీగారి దగ్గరకు వచ్చాడు. మేజిస్ట్రేటు దొర తప్పు ఒప్పుకొన్నాడు. అయినా బాలసుందరానికి దొరికినది విడుదల కాదు. అతని గిర్మిటు ఒక దొర పేరు నుండి మరొక దొర పేరుకు మారింది, అంతే. మనిషి చెప్పుకొన్న బాధను కాగితం బదలాయించి తీర్చారు.

మూడు పౌండ్ల చీటీ

గిర్మిటు తీరితే స్వేచ్ఛ అనుకొన్నారు మన వారు. 1895లో చేసిన 17వ నెంబరు చట్టం ఆ ఆశను తుంచివేసింది. అప్పటినుండి వచ్చినవారు గడువు తీరగానే మూడింటిలో ఒకటి ఎంచుకోవలెను. మళ్ళీ గిర్మిటు వ్రాయవలెను, లేక ఇండియాకు తిరిగిపోవలెను, లేక ఏటా 3 పౌండ్లు కట్టి లైసెన్సు తీసుకోవలెను. 1903లో ఈ పన్నును వారి పిల్లలకు కూడ తగిలించారు. మగపిల్లలకు 16 ఏళ్ళు, ఆడపిల్లలకు 13 ఏళ్ళు నిండగానే లెక్కలోకి వస్తారు. నెలకు 10 షిల్లింగుల కూలి మీద లెక్క కట్టి చూడండి. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, అనగా ఆరు నెలల జీతం. భార్య, భర్త, ఎదిగిన కొడుకు, కూతురు ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌండ్లు. ఈ భారం మోయలేక ఎందరో మళ్ళీ గిర్మిటు మీద వ్రేలిముద్ర వేశారు. చట్టం చేసినవారి ఉద్దేశమే అది. మన వారు కూలీలుగా ఉండవలెను, లేదా వెళ్ళిపోవలెను. స్వతంత్రంగా స్థిరపడకూడదు.

స్థిరపడి చిన్న వ్యాపారం పెట్టుకొన్నవారికి వేరే చిక్కు. 1897 నాటి 18వ నెంబరు చట్టం ప్రకారం అంగడి లైసెన్సు ఇవ్వడం, మానడం అధికారి ఇష్టం. ఎందుకు ఇవ్వలేదో కారణం చెప్పనక్కరలేదు. లెక్కల పుస్తకాలు ఇంగ్లీషులో ఉండవలెనని నియమం. తెలుగులో ముచ్చటైన దస్తూరీతో పద్దులు వ్రాసుకోగలిగిన మనిషి కూడ ఈ దేశపు చట్టం ముందు చదువురాని వాడయ్యాడు. అదే ఏడు చేసిన వలస నిరోధక చట్టం కొత్తగా వచ్చేవారు యూరపు భాషలలో ఒకదానిలో అర్జీ వ్రాయగలగవలెనని పట్టుబట్టింది. గిర్మిటు మీద వచ్చే కూలీకి ఆ పరీక్ష లేదు. చేతులు కావలెను కాబట్టి చేతులకు దారి ఇచ్చారు. చదువు పేరు చెప్పి తక్కినవారికి దారి మూశారు.

తగులబెట్టిన కాగితాలు, దాటిన సరిహద్దు

ట్రాన్స్‌వాల్‌లో కాగితపు పోరు మరింత ముదిరింది. అక్కడి భారతీయులందరు పది వ్రేళ్ళ ముద్రలు వేసి రిజిస్ట్రేషను పత్రం తీసుకొని, పోలీసు అడిగినప్పుడల్లా చూపించవలెనని 1906లో శాసనం తలపెట్టారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గులోని ఎంపైర్ థియేటరులో జరిగిన సభలో లొంగబోమని ప్రమాణం చేశారు. 1908 ఆగస్టు 16న అదే ఊరిలోని హమీదియా మసీదు ఆవరణలో రెండు వేలకు పైగా పత్రాలను పెద్ద గంగాళంలో వేసి కాల్చివేశారు. ఆ పోరాటంలో గాంధీగారి కుడిభుజంగా నిలిచిన తంబి నాయుడు మారిషస్‌లో పుట్టిన మనిషి. అక్కడి తోటలకు మన వారే పోయారు గనుక, ఒక గిర్మిటు దేశం మరొక గిర్మిటు దేశానికి నాయకుని ఇచ్చిందని చెప్పుకోవచ్చును.

1913లో మరొక రెండు పిడుగులు పడ్డాయి. మార్చిలో కేప్ న్యాయస్థానం ఒక తీర్పు చెప్పింది. బహుభార్యాత్వాన్ని ఒప్పుకొనే మతాల ప్రకారం జరిగిన పెళ్ళిళ్ళు ఈ దేశంలో చెల్లవని దాని సారాంశం. అగ్ని చుట్టు తిరిగి, తాళి కట్టించుకొని, పిల్లలను కన్న ఇల్లాలు ఒక్కరోజులో చట్టం కంటికి భార్య కాకుండా పోయింది. మన స్త్రీలు ఆ ఏడు వీధిలోకి వచ్చారంటే కారణం ఇదే. రెండవది వలస నియంత్రణ చట్టం, 22వ నెంబరుది. ఒక రాష్ట్రంలో నివాసమున్న భారతీయుడు అనుమతి పత్రం లేకుండా మరొక రాష్ట్రంలో అడుగు పెట్టరాదు.

అక్టోబరులో న్యూకాసిల్ బొగ్గు గనులలో సమ్మె మొదలయింది. నవంబరు 6న 2,037 మంది మగవారు, 127 మంది ఆడవారు, 57 మంది పిల్లలు వోక్స్‌రస్ట్ దగ్గర సరిహద్దు దాటి ట్రాన్స్‌వాల్‌లోకి నడిచారు. వారి చేతులలో ఆయుధాలు లేవు, అనుమతి పత్రాలు కూడ లేవు. ఆ పత్రం లేకపోవడమే వారి ఆయుధం. తరువాత సముద్రతీరపు చెరకు తోటలు కూడ పని మానివేశాయి. మరుసటి ఏడు, 1914లో వచ్చిన భారతీయ ఉపశమన చట్టం మూడు పౌండ్ల పన్నును రద్దు చేసింది, మన పెళ్ళిళ్ళను (ఒక్క భార్య వరకు) గుర్తించింది.

పోయేవారికి కాగితం, ఉండేవారికి కాగితం

అదే 1914 చట్టంలో ఒక తీపి విషం కూడ ఉన్నది. ఈ దేశంలో నివాసపు హక్కు వదులుకొంటున్నామని వ్రాసి ఇచ్చినవారికి ఉచితంగా ఓడ టిక్కెట్టు ఇస్తారు. 1927లో కేప్‌టౌను ఒప్పందం తరువాత దీనికి బహుమానం కూడ తోడయింది. పెద్దవారికి 20 పౌండ్లు, పిల్లలకు 10. మూడేళ్ళ లోపల, పుచ్చుకొన్న సొమ్ము తిరిగి చెల్లించగలిగితేనే మళ్ళీ రావచ్చును, ఆ తరువాత తలుపు మూసినట్లే. ఇక్కడ పుట్టి, తమ ఊరి పేరు తండ్రి నోట విన్నదే తప్ప ఎన్నడూ చూడనివారు కూడ ఈ కాగితం మీద వ్రేలిముద్ర వేసి వెళ్ళిపోయారు. అక్కడ దిగిన తరువాత ఎందరికో ఊరు ఊరు కాలేదు, బంధువు బంధువు కాలేదు. మన కుటుంబాలలో కొన్నిటికి అక్కడితో తెగిపోయిన కొమ్మలున్నవి.

ఆ కాలంలోనే భారత ప్రభుత్వపు ఏజెంట్లు ఇక్కడ ఉండేవారు. 1929 నుండి 1932 దాకా ఆ పదవిలో ఉన్నవారు మన తెలుగువారు, సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు. మన ఆంధ్ర మహాసభ 1931లో ఏర్పడినది కూడ ఆ సంవత్సరాలలోనే. వెళ్ళిపొమ్మని సర్కారు బహుమానం చూపుతున్న రోజులలో, ఇక్కడే ఉంటాము, మా భాష మా పిల్లలకు నేర్పుకొంటాము అని సభ పెట్టుకోవడం సామాన్యమైన సాహసం కాదు.

ఉండిపోయినవారికి రాష్ట్రాల నడుమ అనుమతి పత్రం అలాగే మిగిలిపోయింది. డర్బన్‌లో ఉన్నవారు జొహానెస్‌బర్గులో మేనకోడలి పెళ్ళికి పోవలెనన్నా ముందుగా కచేరీకి పోయి, ఎన్ని రోజులు, ఎవరింట, ఎందుకు అని చెప్పి చీటీ తెచ్చుకోవలసిందే. నేటాల్, ట్రాన్స్‌వాల్, కేప్ రాష్ట్రాల మధ్య ఈ చీటీ 1975లో తొలగింది. ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో భారతీయులు నివసించరాదన్న నిషేధం 1986 దాకా సాగింది. 1950 నాటి జనాభా రిజిస్ట్రేషను చట్టం ప్రతి మనిషికి ఒక జాతి పేరు అంటగట్టింది. అదే ఏటి గ్రూపు ఏరియాల చట్టం ఆ పేరును బట్టి ఇల్లు ఎక్కడ కట్టుకోవలెనో నిర్ణయించింది. ఆ రెండు చట్టాలు 1991లో గాని పోలేదు.

ఇండియాకు పోయే దారి కూడ ఇరుకయింది. 1946లో భారతదేశం ఈ ప్రభుత్వపు వర్ణ విధానానికి నిరసనగా వర్తకం తెంచుకొన్నది, తన హైకమిషనరును వెనుకకు పిలిపించుకొన్నది. ఆ నిరసన న్యాయమైనది, మన మేలు కోరి చేసినది. అయినా దాని వల్ల మన తెలుగు పుస్తకం, పంతులు, పంచాంగం అన్నీ దూరమయ్యాయి. ఒక తరం పెరిగి పెద్దదయ్యేదాకా చుట్టుచూపుకు పోవడం కూడ గగనమయింది. దౌత్య సంబంధాలు మళ్ళీ 1993లో ఏర్పడ్డాయి. మన ఇండ్లలో తెలుగు పలుచబడిందని పిల్లలను దూషించేవారు ఈ 47 సంవత్సరాల ఎడబాటును కూడ లెక్కలో వేసుకోవలెను.

ఓడ పట్టీని చదవడమెట్లు

ఇంత బాధ పెట్టిన కాగితాలు మనకెందుకు, వాటిని మరచిపోవడమే మేలు అనేవారు మన మధ్య ఉన్నారు. ‘కూలీ’ అన్న మాట, నెంబరు, కులము అనే గడి, ఇవి చూడగానే మనసు చివుక్కుమంటుంది. వారి బాధ మాకు తెలుసు. కాని కొంచెము ఆలోచించవలెను. 1908లో కాల్చిన కాగితాలు బానిసత్వానికి గుర్తులు, వాటిని కాల్చడం ధర్మమే. ఓడ పట్టీ అట్టిది కాదు. అందులో మన ముత్తాత పేరు, అతని తండ్రి పేరు, వయస్సు, ఒడ్డు పొడుగు, ఒంటి మీది పుట్టుమచ్చ, జిల్లా, తాలూకా, ఊరు వ్రాసియున్నవి. అతడు చదువుకొన్నవాడు కాడు, ఉత్తరం వ్రాసినవాడు కాడు. అతడు ఈ భూమి మీద ఫలానా ఊరిలో ఫలానావారి కొడుకుగా పుట్టినాడని చెప్పే సాక్ష్యం మనలో చాలమందికి అదొక్కటే. దానిని వదులుకొంటే దొరకు పోయేదేమీ లేదు, పోయేది మనకే.

అయితే పట్టీని చదవడానికి కొంత జాగ్రత్త కావలెను. తెలుగు రాని గుమాస్తా చెవికి వినబడినట్లు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసినాడు. మన ఇంటిపేరు అడగనే లేదు. ఒక్క పేరు, తండ్రి పేరు, అంతే. ఈ దేశంలో ఇంటిపేరు కావలసి వచ్చినప్పుడు కొందరు నాయుడు, రెడ్డి, చెట్టి అన్న బిరుదును పెట్టుకొన్నారు, కొందరికి తండ్రి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. అందువల్ల అన్నదమ్ముల బిడ్డలకే వేరువేరు ఇంటిపేర్లు కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. కులము అనే గడిలో ఉన్నదంతా నిజమని కూడ నమ్మరాదు. డిపోలో చెప్పినది ఒకటి, వ్రాసుకొన్నది ఒకటి కావచ్చును. దానిని పట్టుకొని ఇప్పుడు ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని లెక్కలు తీయడం మన పూర్వులకు అవమానం. ఒకే ఓడలో ఒకే కుండ నీళ్ళు త్రాగి వచ్చినవారు వారు.

ఊరి పేర్లలో పాత తీరు గమనించవలెను. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమిలిపటాం అంటే భీమునిపట్నం, కోకనాడ అంటే కాకినాడ, ఎల్లోర్ అంటే ఏలూరు. జిల్లాల హద్దులు కూడ మారినవి. పట్టీలో ఉత్తర ఆర్కాటు అని కనబడితే తమిళ దేశమని త్రోసివేయకూడదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది, అంతకు ముందు చంద్రగిరి, పలమనేరు, చిత్తూరు తాలూకాలు ఉత్తర ఆర్కాటులోనివే. చంద్రగిరి, తిరుపతి ప్రాంతం 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది. విశాఖపట్నం జిల్లా అని ఉన్న ఊరు ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి జిల్లాలలో ఎక్కడైనా ఉండవచ్చును. గంజాంలో కొంత భాగం ఒడిషాలో ఉన్నది.

ఊరి పేరు అర్థం కాకపోతే మనిషి పేరు దారి చూపుతుంది. అప్పన్న, అప్పలస్వామి, సింహాచలం అన్న పేర్లు సింహాద్రి అప్పన్నను కొలిచే విశాఖ ప్రాంతానివి. పైడయ్య, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి గుర్తుకు రావలెను. పెంచలయ్య అంటే నెల్లూరు దాపున పెంచలకోన. గుమాస్తా ఎంత వంకరగా వ్రాసినా దేవుని పేరు పూర్తిగా చెడలేదు.

ఇప్పుడు చేయవలసినది

ఓడ పట్టీల మూల పుస్తకాలు డర్బన్ ఆర్కైవ్సులో ఉన్నవి. వాటి వివరాలు వెస్ట్‌విల్‌లోని గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషను సెంటరులో కూడ చూడవచ్చును. వెదకడానికి ముఖ్యంగా కావలసినది మన పెద్దల వలస నెంబరు. ఒట్టి పేరుతో పోతే మునెమ్మలు, రాములు, వీరాస్వాములు వందలమంది ఎదురవుతారు. ఆ నెంబరు సాధారణంగా పాత జనన పత్రాల మీద, ప్రొటెక్టరు కచేరీలో నమోదయిన పెళ్ళి పత్రాల మీద ఉంటుంది. ఆడవారికి వేరే నెంబరు ఉన్నదని మరువరాదు. చాలమంది తాత నెంబరుతో ఆగిపోతారు, అవ్వ ఊరు మరుగున పడుతుంది. ముందు మన జనన పత్రం, దాని నుండి తల్లిదండ్రుల పెళ్ళి పత్రం, దాని నుండి తాత అవ్వల జనన పత్రం, ఇట్లు మెట్టు మెట్టుగా వెనుకకు పోవలెను. ఒక మెట్టులో పేరు వ్రాత మారితే అది అదే మనిషి అని చూపే మరొక కాగితం (మరణ పత్రమో, ఆస్తి పంపకపు దస్తావేజో) తోడు పెట్టుకోవలెను.

ఈ పని ఇప్పుడు కేవలం జ్ఞాపకం కోసమే కాదు. 2005 నుండి భారతదేశం తన సంతతివారికి ప్రవాస పౌరసత్వపు కార్డు ఇస్తున్నది. అది పూర్తి పౌరసత్వం కాదు, ఓటు హక్కు లేదు. కాని వీసా లేకుండా రాకపోకలకు, అక్కడ ఎంతకాలమైనా ఉండడానికి వీలిస్తుంది. 2024 మార్చిలో మారిషస్‌లోని ఏడవ తరం దాకా ఈ సదుపాయం పొడిగిస్తున్నట్లు భారత రాష్ట్రపతి ప్రకటించారు. 2025 జూలైలో ట్రినిడాడ్‌లోని ఆరవ తరానికి కూడ అటువంటి ప్రకటన వెలువడింది. తరాల హద్దు దేశానికొక తీరుగా ఉన్నది గనుక, మన వారు అర్జీ పెట్టుకొనే ముందు డర్బన్‌లోని భారత కాన్సులేటులో విచారించుకోవలెను. హద్దు ఏదైనా అక్కడ అడిగే ప్రశ్న ఒక్కటే: మీ పూర్వుడు భారతదేశంలో పుట్టినట్లు ఏమి ఆధారం? మన ముత్తాతను కట్టివేసిన ఆ పట్టీయే ఈనాడు ఆ ప్రశ్నకు జవాబు.

కావున మా మనవి ఇది. ఇంట్లో పెద్దవారు పోయినప్పుడు వారి పెట్టె ఖాళీ చేసే తొందరలో పచ్చబడిన కాగితాలను చెత్తలో వేయవద్దు. అవ్వ జీవించియుండగానే ఆమెను కూర్చోబెట్టి, ఆమెకు తెలిసిన పేర్లు, ఊర్లు, ఓడ మాటలు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. పట్టీలో ఇంటిపేరు లేదు, అది ఆమె నోట మాత్రమే ఉన్నది. ఇంగ్లీషులో వ్రాసినా సరే, ఇంటిపేరు, ఊరి పేరు మాత్రం తెలుగు అక్షరాలలో కూడ వ్రాయండి. తెలుగు చదువుకొంటున్న మన పిల్లల చేత ఆ పని చేయిస్తే మరీ మంచిది. గుమాస్తా వంకరగా వ్రాసిన పేరును వారి మునిమనుమడో, మునిమనుమరాలో సరిగా దిద్ది వ్రాసినట్లు అవుతుంది.